ఇంటి కేలండరు ఎవరి తలలో ఉంది?

ఒకప్పుడు మన తెలుగువారి ఇళ్ళల్లో వెంకట్రామా వారి కేలండరు వేలాడని గోడ అరుదు. ఇంటిల్లిపాది వ్యవహారమూ ఆ ఒక్క కాగితం మీద ఉండేది. పాలు ఎన్ని పోశాడో, గ్యాసు బండ ఎప్పుడు మార్చారో, చాకలికి ఎన్ని బట్టలు వేశారో, ఏకాదశి ఎప్పుడో, పిల్లవాడి పరీక్షలు ఎప్పుడో అన్నీ చదరాల్లో పెన్సిలుతో రాసి ఉండేవి. వంటింట్లోకి మంచినీళ్ళకు వెళ్ళిన ప్రతివాడి కంటా అది పడేది. ఇంటి సంగతి ఇంట్లో అందరికీ తెలిసేది.

బ్రిటనుకు వచ్చాక ఆ కాగితం ముక్కలైపోయింది. ఆయన ఆసుపత్రి డ్యూటీల రోటా ఒకచోట, ఆమె ఆఫీసు సమావేశాలు ఒకచోట, పిల్లల బడి కబుర్లు వేరే యాప్‌లో, శనివారం తెలుగు తరగతి, ఆదివారం ఈత, డెంటిస్టు అపాయింటుమెంటు మరెక్కడో. ఇక అత్తగారి తద్దినం, పెద్దాడి తిథుల పుట్టినరోజు, వరలక్ష్మీ వ్రతం, హైదరాబాదులో మేనకోడలి పెళ్ళి ముహూర్తం ఎక్కడున్నాయి? చాలా ఇళ్ళల్లో అవి ఒకే ఒక్కచోట ఉన్నాయి. ఇల్లాలి తలలో.

ఇంటి కేలండరు ఒక మనిషి తలలో ఉండకూడదు. ప్రతి ఇంట్లోనూ కంప్యూటరు ఉంది. దానిలో ఇంటిల్లిపాదికీ కలిపి ఒక కేలండరు పెట్టుకోవాలి. ఆ కేలండరుకు ఇంగ్లీషు తేదీలు మాత్రమే కాక మన తిథులు కూడా తెలియాలి. ఈ ఉగాది సంచిక చదివే ప్రతి కుటుంబమూ ఈ ఏడాది ఈ పని చేయాలని నా అభిప్రాయం. ఎందుకో, ఎలాగో కూడా చెబుతాను.

"ఇల్లేమన్నా ఆఫీసా, భోజనానికి కూడా అపాయింటుమెంటు పెట్టుకోవడానికి?" అని కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తారు. వారి బాధలో న్యాయం లేకపోలేదు. కానీ నిజం ఆలోచించండి. ఇల్లు ఇప్పటికే ఆఫీసులు చెప్పినట్టు నడుస్తోంది. ఆసుపత్రి రోటా, బడి టైంటేబులు, రైలు వేళలు మన ఇంటి సాయంత్రాలను నిర్ణయిస్తున్నాయి. అవన్నీ ఎప్పుడో కేలండర్లకెక్కి కూర్చున్నాయి. ఎక్కనివి మన పండుగలూ, మన పెద్దల తిథులూ, అమ్మానాన్నలతో మాట్లాడే గంటా మాత్రమే. రాసుకున్నదానికీ రాసుకోనిదానికీ పోటీ వస్తే ఓడిపోయేది రాసుకోనిదే. కాబట్టి ఇల్లు ఆఫీసు కాకూడదనుకునేవారే ముందుగా ఇంటి పనులను కేలండరులో రాయాలి.

ఈ దేశంలో తేదీల తికమక మనతో మొదలవలేదు. 1752 దాకా ఇంగ్లండులో చట్టప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అంటే ఇంచుమించు మన ఉగాది రోజులకే. ఆ ఏడాది కేలండరు మార్చినప్పుడు సెప్టెంబరు 2 తరువాతి రోజును 14గా లెక్కపెట్టారు. మధ్యలో 11 తేదీలు ఎగిరిపోయాయి. ఇప్పటికీ ఇక్కడి పన్నుల సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవడానికి మూలం ఆ పాత మార్చి 25వ తేదీయే. పాత లెక్కను పన్నుల కోసం ఇంత జాగ్రత్తగా కాపాడుకున్న దేశంలో, మన లెక్కను మనం కాపాడుకుంటే ఎవరూ వింతగా చూడరు.

మన తేదీలనూ ఇంగ్లీషు తేదీలనూ సరిచూసే కష్టం ఎరిగిన తెలుగు అభిమాని ఒకాయన లండనులోనే ఉండేవాడు. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. నిఘంటువు కోసం, వేమన పద్యాల కోసం మనం తలుచుకునే బ్రౌను దొర, దక్షిణదేశపు కాలగణన పద్ధతులను వివరిస్తూ "కర్ణాటిక్ క్రోనాలజీ" అనే పుస్తకాన్ని 1863లో లండనులో అచ్చు వేయించాడు. కచేరీ కాగితాల మీద ఉన్న తిథి వారాలు ఏ ఇంగ్లీషు తేదీకి వస్తాయో తేల్చుకోవడం ఆనాటి దొరలకు నిత్యావసరం. ఇంతకాలం తరువాత అదే లండనులో అదే లెక్క మనకు కావలసి వచ్చింది. ఆయనకు పుస్తకం కావలసి వచ్చింది, మనకు కంప్యూటరు ఉంది. తేడా అంతే.

అయితే కంప్యూటరుకు ఈ లెక్క అంత తేలిక కాదు. అది తెలియక చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కేలండరు ప్రోగ్రాములు ఒకదాని సంగతులు మరొకదానికి అందించుకోవడానికి 1998లో ఐకేలండర్ అనే ప్రమాణం ఏర్పడింది, 2009లో దాన్ని సవరించారు. ఫైలు పేరు చివర ఐ.సి.ఎస్. అని ఉంటే అది ఆ జాతిదే. రోజూ, వారం వారం, నెల నెలా, ఏటేటా అని మళ్ళీ మళ్ళీ వచ్చే సంగతులను అది చక్కగా చెప్పగలదు. "మార్గశిర బహుళ దశమి" అంటే మాత్రం దానికి అర్థం కాదు. చైనావారి, యూదుల కాలమానాల వంటివాటికి కూడా చోటిస్తూ 2015లో ఒక అనుబంధం వచ్చింది. కానీ ప్రమాణంలో ఉన్నంత మాత్రాన మన ఇంట్లోని ప్రోగ్రాముకు అది వచ్చినట్టు కాదు.

సంగతేమిటంటే, తిథి అనేది గడియారం లెక్క కాదు, ఆకాశం లెక్క. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. చంద్రుడి నడక ఒకే వేగంతో ఉండదు కనుక ఒక తిథి సుమారు 19 గంటలకే ముగియవచ్చు, 26 గంటలకు పైగానూ సాగవచ్చు. పన్నెండు చాంద్రమాసాలకు దాదాపు 354 రోజులే. అందువల్ల పండుగలు ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, అధికమాసం వచ్చినప్పుడు పద్దెనిమిది పంతొమ్మిది రోజులు ముందుకు దూకుతాయి. ఉగాదినే చూడండి. 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. మొదటి ఏడాది మార్చి 22న రాసి "ఏటేటా" అని మీట నొక్కినవారికి ఆ తరువాత ఒక్క ఉగాదీ సరిగ్గా రాలేదన్నమాట. సంక్రాంతి సూర్యుడి లెక్క కనుక జనవరి 14, 15 తేదీలను అంటిపెట్టుకుని ఉంటుంది. దానితో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా తిథులతోనే.

రెండో చిక్కు ఊరిది. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే. కానీ సూర్యోదయ సూర్యాస్తమయాలు ఊరూరికీ వేరు. ఆ రోజు ఏ పండుగ అన్నది వాటిని బట్టే కదా! 2024 దీపావళి ఇందుకు మంచి ఉదాహరణ. అమావాస్య ఘడియలు భారతదేశంలో అక్టోబరు 31 మధ్యాహ్నం సుమారు నాలుగింటికి మొదలై నవంబరు 1 సాయంత్రం ఆరు దాటాక ముగిశాయి. రెండు సాయంత్రాలనూ అమావాస్య తాకింది. దాంతో దీపావళి ఏ రోజని దేశమంతటా తర్జనభర్జన. లండనులో చూస్తే, అదే అమావాస్య నవంబరు 1 మధ్యాహ్నం ఒంటిగంటలోపే ముగిసింది. అక్టోబరు 31 సాయంత్రం తప్ప ఇంకో సాయంత్రానికి ఆస్కారమే లేదు. అక్కడి వాదన ఇక్కడికి మోసుకురావలసిన పనే లేదు. కానీ దేశం నుంచి వచ్చిన వాట్సాపు సందేశాలు చూసి ఇక్కడ కూడా తికమక పడినవారున్నారు.

తద్దినాల విషయంలో ఇది మరీ ముఖ్యం. అపరాహ్ణంలో ఉన్న తిథిని చూడమని శాస్త్రం. డిసెంబరులో లండను పగలు ఎనిమిది గంటలకు లోపే, జూనులో పదహారు గంటలకు పైనే. మన ఊరి పంచాంగాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి దించితే ఒక రోజు తేడా రావచ్చు. అందుకని లండనుకో, మీరున్న ఊరికో గుణించిన పంచాంగమే చూడాలంటాను. వద్దు, దేశంలో అన్నగారు పెట్టిన రోజే మేమూ పెడతామనే ఇళ్ళూ ఉన్నాయి. అదీ తప్పు కాదు. ఏదో ఒక పద్ధతి నిర్ణయించుకుని, అది కూడా కేలండరులో రాసిపెట్టండి. ఏటా కొత్తగా వాదించుకోనక్కరలేదు.

ఇక ఎలా పెట్టుకోవాలో చూద్దాం. ప్రోగ్రాము ఏదైనా ఫరవాలేదు. గూగుల్ కేలండరు, ఔట్‌లుక్, ఆపిల్ వారి కేలండరు, ఉచితంగా దొరికే థండర్‌బర్డ్, ఏదైనా సరే ఇంట్లో అందరికీ తెరవడం వచ్చినదే మంచిది. ముందు మనిషికొక కేలండరు, దానికో రంగు. వాటితోపాటు "ఇల్లు" అని ఉమ్మడిగా ఒకటి, "తిథులు" అని ఇంకొకటి. ఈ రెండింటిలోనూ రాసే అధికారం పెద్దవాళ్ళందరికీ ఉండాలి. ఒక్కరి చేతిలోనే తాళం ఉంటే తలలో ఉన్న కేలండరు కంప్యూటరులోకి మారింది తప్ప బరువు మారలేదన్నమాట. కంప్యూటరును పడకగదిలో కాక నలుగురూ తిరిగే చోట పెట్టండి. వారానికొకసారి ఆ వారం పేజీ అచ్చు తీసి ఫ్రిజ్జుకు అంటించండి. తాతగారు వీసా మీద ఆరు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు ఆయన చూసేది ఫ్రిజ్జునే.

తిథుల కేలండరులో "ఏటేటా" మీట జోలికి పోవద్దు. పంచాంగం ఉగాది నుంచి ఉగాది వరకు ఉంటుంది కనుక, ఏడాదికొకసారి ఉగాదినాడే కూర్చుని ఆ ఏటి తేదీలన్నీ ఎక్కించండి. పాతిక సంగతులుంటే అరగంట పని. ప్రతిదానికీ రోజంతా ఉండే రకం ఎంచుకుంటే గంటల గొడవ ఉండదు. కింద వివరం రాసే చోట మాసం, పక్షం, తిథి, ఎవరిది, ఏ ఊళ్ళో, ఎన్ని గంటలకు అన్నది తెలుగులోనే రాయండి. గంట ఎందుకంటారా? భారతదేశంలో తెల్లవారుజాము మూడింటికి పోయారంటే శీతాకాలంలో ఇక్కడ ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. ఇంగ్లీషు తేదీలే రెండయ్యాయి. ఇరవై ఏళ్ళ తరువాత ఏది సరైనదో చెప్పేవారుండరు. తిథి, ఊరు, గంట రాసి ఉంటే అనుమానమే రాదు.

గంటల సంగతి వచ్చింది కనుక ఇంకొక మాట. మన దేశపు కాలం తూర్పు 82½ డిగ్రీల రేఖది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరలోంచే పోతుంది. ఇక్కడిది గ్రీనిచ్ రేఖ. ఆ ఎడమే అయిదున్నర గంటలు. కానీ విలియం విల్లెట్ అనే ఇళ్ళు కట్టే వ్యాపారి 1907 నుంచి పోరిన ఫలితంగా 1916లో ఈ దేశంలో వేసవి కాలమానం వచ్చింది. మార్చి ఆఖరి ఆదివారం గడియారం గంట ముందుకు, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి. భారతదేశం జరపదు. అంచేత వేసవిలో తేడా నాలుగున్నర గంటలే. 2025లో ఉగాదీ గడియారం మార్పూ మార్చి 30 ఆదివారం ఒక్కరోజే వచ్చాయి. ఉగాది పచ్చడికి వేకువనే లేవాలనుకున్నవాళ్ళకు ఆ రోజు ఒక గంట నిద్ర కరువు! ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అమ్మకు ఫోను అని రాసుకున్నారనుకోండి. చలికాలంలో ఆమెకు రాత్రి ఏడున్నర, వేసవిలో ఆరున్నర. ఒకటి ఆమె సీరియల్ వేళ కావచ్చు, ఇంకొకటి దీపం పెట్టే వేళ కావచ్చు. అలాంటి సంగతికి కాలమండలం అన్నచోట లండను బదులు కోల్‌కతా అని ఎంచుకుంటే ఆమె వేళ కదలదు, మన వేళే జరుగుతుంది. జరగవలసినదీ మనమే కదా.

కేలండరు వల్ల లౌకికమైన లాభం కూడా ఉంది. ఇక్కడ సెలవు అడగాలంటే వారాల ముందు అడగాలి. రోటా అచ్చయ్యాక దీపావళి గుర్తొస్తే ప్రయోజనం లేదు. మన సంఘాలకు హాలు దొరికేది శనాదివారాల్లో కనుక సంబరం ఒకరోజు, అసలు పండుగ ఇంకోరోజు. అసలు రోజు ఇంటికి తెలియకపోతే పిల్లలు హాలులో జరిగేదే పండుగ అనుకుంటారు. పిల్లల బడి సంగతి చూడండి. ఇంగ్లండులో అనుమతి లేకుండా పిల్లల్ని సెలవుల కోసం తీసుకుపోతే 2024 ఆగస్టు నుంచి జరిమానా ఒక్కో తల్లికీ తండ్రికీ, ఒక్కో బిడ్డకూ 80 పౌన్లు, మూడు వారాల్లో కట్టకపోతే 160. కానీ మతపరమైన పర్వదినానికి సెలవు మంజూరు చేసే ఏర్పాటు హాజరుపట్టీలో వేరే ఉంది. "ఆర్" అనే గుర్తు అందుకే. ముందుగా, మర్యాదగా, తేదీతో సహా ఉత్తరం రాసి అడగాలి. తేదీ ముందుగా తెలిసినవాడే అడగగలడు. స్కాట్లండులోని మనవాళ్ళకు వేసవి సెలవులు జూను చివర మొదలై ఆగస్టు నడుమ ముగుస్తాయి. ఇంగ్లండులోని అక్కయ్య పిల్లలకు జూలై చివర గానీ మొదలుకావు. రెండు ఇళ్ళూ కలిసి దేశం వెళ్ళాలంటే రెండు కేలండర్లూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడవలసిందే.

అసలు మాట ఇంకా ఉంది. కొన్ని ఇళ్ళల్లో కేలండరు పెట్టడమంటే ఆయనగారు ఒక ఆదివారం కూర్చుని రంగులన్నీ దిద్ది, "ఇదిగో, అంతా సిద్ధం, ఇక నువ్వు రాస్తూ ఉండు" అని ఆమెకు అప్పగించడం. దీనివల్ల ఆమెకు ఉన్న పనికి తోడు టైపు పని కూడా వచ్చింది. ఇది సాయం కాదు. ఎవరికి ఏ కబురు వస్తే వారే రాయాలి. బడి ఉత్తరం నాన్నకు వస్తే నాన్నే రాయాలి. పదేళ్ళు దాటిన పిల్లలు తమ మ్యాచులూ, స్నేహితుల పుట్టినరోజులూ తామే రాసుకోవాలి. రాసి ఉన్న పనికి పక్కన ఎవరు చేస్తారో పేరు ఉండాలి. పేరు లేని పని ఎవరిదో మనందరికీ తెలుసు. గుర్తుపెట్టుకోవడం కూడా ఒక పనే. వంట కనిపిస్తుంది, అంట్లు కనిపిస్తాయి, ఇది కనిపించదు. కేలండరు చేసే గొప్ప మేలు ఆ కనిపించని పనిని కనిపించేలా చేయడం. నెలాఖరుకు ఒకసారి పేర్లు లెక్కపెట్టి చూడండి. ఒక పేరే ముప్పైసార్లు ఉంటే ఇంట్లో మాట్లాడుకోవలసినది ఉన్నట్టే.

అతి పనికిరాదన్న పెద్దల మాట ఇక్కడా వర్తిస్తుంది. పిల్లల ప్రతి గంటకూ రంగు పూయకండి. వారంలో ఒక సాయంత్రం ఖాళీగా వదిలి, దాన్ని "ఖాళీ" అనే రాయండి. ఇతరులు దాని మీద చేయి వేయకుండా ఉంటుంది. ఇంటి కేలండరును ఇంటివారికే చూపించండి. ఇల్లు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తాళం వేసి ఉంటుందో ఊరందరికీ తెలియవలసిన పని లేదు. ఆసుపత్రి అపాయింటుమెంటులో జబ్బు పేరు రాయకండి. ఏడాదికోసారి ఐ.సి.ఎస్. ఫైలుగా దించి వేరేచోట భద్రపరచండి. కంపెనీలు వస్తాయి, పోతాయి. తాతగారి తిథి పోకూడదు.

చివరిగా అసలు భయం చెబుతాను. ఈ దేశానికి 1960లలో, 70లలో వచ్చిన మన డాక్టర్ల తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. ఆ ఇళ్ళల్లో అమ్మమ్మ ఒక్కతికే ఎవరి తిథి ఎప్పుడో తెలుసు. ఆమె ఎక్కడా రాయలేదు, ఆమెకు రాయవలసిన అవసరం రాలేదు. ఆమె తరువాత పిల్లలకు మిగిలేది మరణ ధ్రువపత్రం మీద ఇంగ్లీషు తేదీ మాత్రమే. తేదీ నుంచి తిథి తీయవచ్చు, నిజమే. కానీ ఎవరికి ఏ వంటకం ఇష్టమని ఆ రోజు చేసేవారో, ఆ పూట ఎవరిని భోజనానికి పిలిచేవారో, ఏ కథ చెప్పుకునేవారో ఏ గణితమూ తీయలేదు. తద్దినాలు పెట్టని ఇళ్ళకూ, వేరే మతంలోని తెలుగు ఇళ్ళకూ ఇదే వర్తిస్తుంది. సమాధి దగ్గర పూలు పెట్టే రోజైనా, ప్రార్థన చేసే రోజైనా, గుర్తున్నంత కాలమే అది ఆ ఇంటి రోజు.

అందుకని ఈ ఉగాదికి ఒక కొత్త ఆచారం పెట్టుకుందాం. పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విని, ఆదాయ వ్యయాలు చూసి నవ్వుకున్నాక, మధ్యాహ్నం ఒక్క గంట ఇంటిల్లిపాదీ కంప్యూటరు ముందు కూర్చోండి. పంచాంగం అమ్మమ్మ చేతిలో ఉండాలి, మీటలు మనవరాలి చేతిలో ఉండాలి. ఆమె తిథి చదువుతూ ఆ మనిషి గురించి రెండు ముక్కలు చెబుతుంటే, ఈమె తేదీ వెతికి తెలుగులో రాస్తుంది. "మార్గశిరం అంటే ఏమిటి?" అని మనవరాలు అడగకుండా ఉండదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అమ్మమ్మ ఉన్న ఏడాదే ఈ పని చేయడానికి సరైన ఏడాది.

పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.